మన ఊరి కైఫీయతు ఎవరు రాయాల?

(వెలుగోడులో విద్యార్థులు, ఉద్యోగులు కలిసిన సమావేశంలో 'జనం రాసే ఇంటర్నెట్' అనే అంశంపై చేసిన ప్రసంగ పాఠం)



నీళ్ల గురించి, కొలువుల గురించి మాట్లాడుకునే మనం ఈ రోజు ఇంటర్నెట్ గురించి ఎందుకు కూర్చున్నామని కొందరికి అనుమానం రావచ్చు. ఒక చిన్న పని చేయండి. మీ చేతిలో ఫోన్ ఉంది. మీ ఊరి పేరు తెలుగులో కొట్టి వెతకండి. ఏమొస్తుందో చదవండి. అది ఎవరు రాశారో, ఎక్కడి నుంచి తెచ్చి రాశారో చూడండి. మీరు ఒప్పుకునే మాటలు అందులో ఎన్ని, మీ ఊరికి సంబంధించి అసలైన మాట ఏది లేదు? ఈ ప్రశ్నే ఈ రోజు నా ఉపన్యాసం.

మొదట్లో ఇంటర్నెట్ అంటే చదివేది. రేడియో వినేది, పేపరు చదివేది, నెట్ చూసేది. మన పని చూడడం వరకే. ఒక వెబ్‌సైట్లో అక్షరం మార్చాలంటే దాని యజమానికి తప్ప ఇంకెవరికీ వీలులేదు. ఆ యజమానికి కూడా కంప్యూటర్ భాష తెలిసుండాల, ఖర్చు పెట్టుకోవాల. అమెరికాలో వార్డ్ కన్నింగ్‌హామ్ అనే ఆయన 1995లో ఈ కట్టు తెంచాడు. చదివేవాడే అదే పేజీని దిద్దగలిగే సైటు పెట్టి, దానికి 'వికీ' అన్న మాట వాడాడు. హవాయి దీవుల భాషలో ఆ మాటకు 'త్వరగా' అని అర్థం. 1999లో బ్లాగర్ వచ్చింది. 2001 జనవరిలో వికీపీడియా, 2004లో ఆర్కుట్, 2005లో యూట్యూబ్ వచ్చాయి. 2006 చివర్లో అమెరికా పత్రిక 'టైమ్', ఆ ఏటి మేటి వ్యక్తి 'మీరే' అని ప్రకటించింది. అంటే నెట్లో రాసే, బొమ్మలు పెట్టే, వాదించే మామూలు మనిషి.

పైకి చూస్తే మారింది చిన్నదే. పేజీ కింద ఒక ఖాళీ పెట్టె, దాని పక్కన 'పంపు' అనే బొత్తాం. ఆ పెట్టెలో రాసింది వెంటనే తర్వాత వచ్చే మనిషికి కనబడుతుంది. ఇంతే. కానీ ఈ పెట్టె వల్ల తలకిందులైంది పెద్దది. అంతకు ముందు ఏది అచ్చవ్వాలో సంపాదకుడు, పెట్టుబడిదారుడు తేల్చేవాళ్లు. ఇప్పుడు ముందు అచ్చవుతుంది, తర్వాత జనం తేలుస్తారు. ఇందులో మనకు లాభం ఉంది, ప్రమాదమూ ఉంది. రెండూ చెప్తాను.

తెలుగు నెట్టుకెక్కిన తీరు

ఇంగ్లీషు వాడికి ఆ పెట్టె ఊరికే దొరికింది. తెలుగువాడికి అట్ల దొరకలేదు. 1990ల మొదట్లో అమెరికాలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులు రైస్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే పద్ధతి ఒకటి తయారు చేశారు. అదే ఆర్‌టిఎస్. రచ్చబండ లాంటి ఈమెయిలు గుంపుల్లో ఆ పద్ధతిలోనే సాహిత్యం మీద గంటల కొద్దీ వాదించుకున్నారు. 1998లో 'ఈమాట' పత్రిక నెట్లోనే పుట్టింది.

మన దినపత్రికలు కూడా నెట్టుకెక్కాయి గానీ, ఒక్కొక్కదానికి ఒక్కో సొంత ఫాంటు. ఆ ఫాంటు మీ కంప్యూటర్లో లేకపోతే అక్షరాలు చీమలు పాకినట్టు ఉండేవి. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి. ఆ రాత కంప్యూటర్ దృష్టిలో తెలుగు కాదు, తెలుగు వేషం వేసుకున్న ఇంగ్లీషు గుర్తులు. కాబట్టి వెతికితే దొరకదు. ఎన్ని వార్తలు రాసినా బావిలో పడేసినట్టే. యూనికోడ్ అనే ప్రపంచ ప్రమాణంలో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. ప్రతి తెలుగు అక్షరానికీ ఒక సంఖ్య, ఏ కంప్యూటర్లో అయినా అదే సంఖ్య. కానీ అది మామూలు కంప్యూటర్లలోకి వచ్చి పనిచేసేదాకా మరో పదేళ్లు పట్టింది.

ఆ పదేళ్ల తర్వాత పని చేసినవాళ్లు ప్రభుత్వాలు కాదు, కంపెనీలు కాదు. ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రిపూట కూర్చున్న మామూలు తెలుగువాళ్లు. వెన్న నాగార్జున 'పద్మ' అనే ఉపకరణం తయారు చేసి పత్రికల ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చే దారి చూపించారు. 2003 డిసెంబర్లో తెలుగు వికీపీడియాకు నాంది పలికిందీ ఆయనే. వీవెన్ 2006లో 'లేఖిని' పెట్టారు. ఇంగ్లీషు కీబోర్డు మీద కొడితే తెలుగు అక్షరం పడేది. తెలుగు బ్లాగులన్నిటినీ ఒక్క చోట చూపించే 'కూడలి' కూడా ఆయనదే. నెట్ సెంటర్లో గంటకింత అని కట్టి కూర్చున్న పిల్లవాడు కూడా తన ఊరి కథను తెలుగులో రాయగలిగింది అప్పుడే. తెలుగులో ఇంటర్నెట్ అంటే జనం తమకు తాము వేసుకున్న బాట అని మీరు గుర్తు పెట్టుకోవాల.

ఒక్కడి వల్ల కానిది

కొమర్రాజు లక్ష్మణరావు గారి పేరు మీరు వినుంటారు. విజ్ఞాన చంద్రికా మండలి పెట్టిన మనిషి. తెలుగువాళ్లకు ఒక విజ్ఞాన సర్వస్వం ఉండాలని కంకణం కట్టుకున్నాడు. పండితులను పోగు చేశాడు, సొంత ఆరోగ్యం పోగొట్టుకున్నాడు. మూడు సంపుటాలు వచ్చాయి. ఆ పని పూర్తికాకముందే 1923లో ఆయన కన్నుమూశాడు. అంతటి మేధావికి చేతకాలేదంటే తెలివి చాలక కాదు, చేతులు చాలక.

వికీపీడియా చేసింది ఆ చేతులను కలపడం. తెలుగు వికీపీడియాలో, దాన్ని తెవికీ అంటారు, వ్యాసాలు ఇవాళ లక్ష దాటాయి. అందులో పెద్ద భాగం ఊళ్ల పేజీలు. రెండువేల ఆరు, ఏడు నాటికే కొందరు కార్యకర్తలు మండలాల, గ్రామాల పట్టికలు తీసుకుని, చిన్న ప్రోగ్రాములు రాసి, దాదాపు ప్రతి ఊరికీ ఒక పేజీ తెరిచారు. ఒకటి రెండు వాక్యాలతో. ఫలానా ఊరు, ఫలానా మండలం, ఫలానా జిల్లా. 'ఇది వ్యాసమా?' అని నవ్వినవాళ్లూ ఉన్నారు. కానీ ఆ పని చేసినవాళ్ల ఆలోచన వేరు. ముందు గుంత తవ్వి పెడితే, ఎవరో ఒకరు వచ్చి విత్తనం వేస్తారని.

తర్వాత 2011 జనాభా లెక్కల సమాచారం ఆ పేజీల్లోకి చేరింది. జనం ఎంత, ఇళ్లెన్ని, బడులెన్ని, ఆసుపత్రి ఎంత దూరం, తాగునీరు ఎక్కడిది, బస్సు వస్తుందా, సాగు భూమి ఎన్ని హెక్టార్లు, అందులో కాలువ కింద ఎంత, బావుల కింద ఎంత, వాన మీద ఆధారపడింది ఎంత. సీమ మనిషికి ఈ చివరి మూడు అంకెలు ఎంత విలువైనవో నేను వేరే చెప్పాలా? వందల కిలోమీటర్లు పోయి కార్యాలయం ముందు చేతులు కట్టుకుని నిలబడితే గానీ దొరకని లెక్క, ఇప్పుడు ఎవడి ఊరి పేజీలో వాడికి కనబడుతోంది.

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. వెలుగోడు కర్నూలు జిల్లా నుంచి నంద్యాల జిల్లాకు వచ్చింది. అచ్చు పుస్తకంలో ఇది మార్చాలంటే కొత్త పుస్తకం వేయాల. తెవికీలో జీతం, భత్యం లేని మనుషులు ఊరూరి పేజీ తెరిచి జిల్లా పేరు మార్చుకుంటూ పోయారు. జనం రాసే సైటుకూ, యజమాని రాసే సైటుకూ తేడా ఇదే.

కరణం రాసిన ఊరు

అయితే ఇక్కడ ఆగి ఆలోచించాల. ఊరి గురించి ఊరివాళ్లనే అడిగి రాయించడం కొత్తది కాదు. 1800లో నిజాం మన ప్రాంతాన్ని కుంపిణీ వాళ్లకు ఒప్పజెప్పాక, కాలిన్ మెకంజీ అనే దొర సర్వేకు దిగాడు. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య లాంటి తెలుగువాళ్లను పెట్టుకుని, దత్తమండలాల ఊళ్లలో కరణాలను అడిగించి, శాసనాలు ఎత్తి రాయించి, ఊరి వృత్తాంతాలు పోగు చేశాడు. అవే కైఫీయతులు. ఊరు ఎప్పుడు కట్టారు, చెరువు ఎవరు తవ్వించారు, గుడి మాన్యం ఎంత, ఏ పాళెగాడు ఏలాడు. ఆ కాగితాలు కొన్ని మద్రాసు చేరాయి, కొన్ని లండన్ చేరాయి. అవి లేకపోతే మన చరిత్ర సగం చీకటి. ఆ మేలు ఒప్పుకోవాల్సిందే.

కానీ ఆ కైఫీయతు చెప్పింది ఎవరు? కరణం. కరణానికి ఏది ముఖ్యమో అది ఎక్కింది. దొరకు శిస్తు కోసం ఏది కావాలో అది ఎక్కింది. ఆ చెరువు మట్టి మోసిన ఆడమనిషి పేరు ఎక్కలేదు. తోలు కుట్టినవాడు, బట్ట నేసినవాడు ఆ ఊరిని ఎట్ల చూశాడో ఎక్కలేదు. రాసే చెయ్యి ఎవరిదో, ఊరు వాళ్లదిగానే కనబడుతుంది.

ఇప్పుడు మన ఊరి పేజీని చూడండి. నిన్న కరణం చెప్పాడు, ఇవాళ జనాభా లెక్కల పట్టిక చెప్తోంది. పట్టిక అబద్ధం చెప్పదు అనుకుందాం. కానీ అడిగిన దానికే జవాబు చెప్తుంది. ఒక ఉదాహరణ. శ్రీశైలం ప్రాజెక్టు కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వంద పైచిలుకు ఊళ్లు మునిగాయి. 1981లో బలవంతంగా ఖాళీ చేయించిన రోజులు చూసినవాళ్లు మన చుట్టూ ఇంకా ఉన్నారు. జనాభా లెక్కల పట్టికలో జనం లేని ఊరు పక్కన సున్నా ఉంటుంది. దాన్ని బట్టి రాసిన పేజీలో 'నిర్జన గ్రామం' అని రెండు మాటలు పడతాయి. జనం ఎందుకు లేరు? ఎక్కడికి పోయారు? వాళ్ల జాతర ఏది, వాళ్ల పంట ఏది? పట్టికకు ఈ ప్రశ్నలు తెలియవు. ఆ ఊళ్లలో బతికినవాళ్లకు తెలుసు. వాళ్లు పోతే ఆ రెండు మాటలే మిగులుతాయి.

మన ముందున్న వెలుగోడు జలాశయాన్నే తీసుకోండి. నిల్వ సామర్థ్యం 16.95 టిఎంసీలు. తెలుగుగంగలో భాగం. ఇక్కడి నుంచి బ్రహ్మంసాగర్, సోమశిల, కండలేరు మీదుగా పూండికి, చెన్నైకి. 1996లో కృష్ణా నీళ్లు చెన్నై వైపు చేరాయి. ఇదంతా ఏ వెబ్‌సైటులోనైనా దొరుకుతుంది. కానీ ఈ కట్ట కింద ఎవరి భూమి పోయింది, ఏ కాలువ కింద ఏ ఏడు ఏ ఊరికి నీళ్లందాయి, ఏ ఏడు అందలేదు, ఇది రాయాల్సింది చెన్నైలో కూర్చున్నవాడు కాదు కదా.

సీమ గురించి బయటివాళ్లకు తెలిసిందేమిటి? 1999లో 'సమరసింహారెడ్డి' వచ్చినప్పటి నుంచి వరసబెట్టి వచ్చిన సినిమాలు. సుమోలు, బాంబులు, తొడ చరుపులు. సినిమా తీయడానికి కోట్లు కావాల, మన దగ్గర లేవు. ఊరి పేజీ రాయడానికి కోట్లు అక్కర్లేదు. అయినా రాయకపోతే తప్పు ఎవరిది?

ఆధారం చూపు

'రాశాం సార్, తీసేశారు' అనే ఫిర్యాదు యువకుల నుంచి ఎక్కువగా వినబడుతుంది. మా ఊరికి అన్యాయం జరిగిందని నాలుగు పేరాలు రాస్తే, ఎవరో వచ్చి తుడిచేశారు, ఇది కుట్ర అని. కుట్ర కాదు తమ్ముడూ. అక్కడ ఒక నియమం ఉంది. నువ్వు చెప్పే మాట అంతకు ముందు ఎక్కడ అచ్చయిందో చూపించాల. నీ సొంత పరిశోధన, నీ సొంత ఆవేశం అక్కడ చెల్లవు. రెండు పక్షాలున్న విషయమైతే రెండు పక్షాలూ రాయాల.

ఈ నియమం లేకపోతే ఏమవుతుందో 2005లో అమెరికాలో తేలింది. జాన్ సీగెన్‌థాలర్ అనే పెద్ద పాత్రికేయుడి పేజీలో ఎవరో ఆకతాయి, కెన్నెడీ హత్యలో ఆయనకు సంబంధం ఉందన్నట్టు రాసి పోయాడు. నాలుగు నెలలు ఎవరూ చూడలేదు. ఆ ఏడే 'నేచర్' అనే విజ్ఞాన పత్రిక 42 సైన్సు వ్యాసాలు తీసుకుని వికీపీడియాను బ్రిటానికాతో పోల్చింది. వ్యాసానికి సగటున వికీలో నాలుగు తప్పులు, బ్రిటానికాలో మూడు అని తేల్చింది. బ్రిటానికా వాళ్లు ఆ లెక్కను ఒప్పుకోలేదు, అది వేరే సంగతి. అంటే జనం రాసింది పనికిమాలినదీ కాదు, గుడ్డిగా నమ్మదగిందీ కాదు. ఆధారం ఉన్నంతవరకే అది నిలబడుతుంది.

మనకు ఈ నియమం శత్రువు కాదు, మిత్రుడు. శ్రీబాగ్ ఒడంబడిక సంగతి తీసుకోండి. సభల్లో దాని పేరు ఎన్ని వేలసార్లు విన్నాం? 1937 నవంబర్ 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇంట్లో కుదిరింది. నీళ్ల గురించి, రాజధాని, హైకోర్టు గురించి అందులో ఏమనుకున్నారో అసలు పాఠం చదివినవాళ్లు ఈ గదిలో ఎంతమంది? శ్రీశైలం నీటిమట్టం మీద 1996 నాటి జీవో 69 చెప్పింది 834 అడుగులు. 2004 నాటి జీవో 107 చెప్పింది 854 అడుగులు. ఈ ఇరవై అడుగుల చుట్టూ ఎన్ని కొట్లాటలు జరిగాయి! నెట్లో ఒక పక్షం ఒకటి రాస్తుంది, ఇంకో పక్షం ఇంకోటి రాస్తుంది. బూతులు కూడా రాసుకుంటారు. చివరికి పేజీ మీద మిగిలేది జీవో సంఖ్య, తేదీ, అడుగుల లెక్క. అరిచినవాడి అరుపు మిగలదు.

ఇందులో ఇంకో కిటుకు ఉంది. అచ్చు కానిది నెట్టుకెక్కదు అన్నారు కదా. మరి మన ఊళ్ల సంగతి ఎక్కడ అచ్చయింది? రాజధాని పత్రికలకు మన ఊరు జిల్లా అనుబంధంలో నాలుగు లైన్లు. అక్కడే మన చిన్న పత్రికల అవసరం. మునిగిన ఊరి ముసలాయన చెప్పింది పేరుతో, తేదీతో, స్థలంతో అచ్చేస్తే, రేపు అది ఒక ఆధారం. 'మీ పత్రిక ఒక పక్షం' అని ఎవరైనా అంటే కోపం తెచ్చుకోవద్దు, ఆ అనుమానం న్యాయమే. మన వార్త పక్కన జీవో పెట్టండి, గెజిట్ పెట్టండి. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. పది రూపాయల ఫీజుతో కాగితం అడగొచ్చు. ఒక్క దరఖాస్తుకు వచ్చిన జవాబు వంద కామెంట్ల కన్నా బరువైనది.

పాత పుస్తకాలూ ఉన్నాయి. నరహరి గోపాలకృష్ణమశెట్టి 1886లో అచ్చేసిన కర్నూలు జిల్లా మాన్యువల్ ఉంది. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి, మన సీమ మీదుగా పోతూ దారిలో చూసిన ఊళ్ల గురించి రాసిన కాశీయాత్ర చరిత్ర ఉంది. ఆ పుస్తకంలోని వివరాలను తెవికీ కార్యకర్తలు కొన్ని ఊళ్ల పేజీల్లో ఇప్పటికే చేర్చారు. మన ఊళ్లకు ఆ పని మనం ఎందుకు చేయకూడదు?

ఎవడి అరుగు మీద కూర్చున్నాం?

జనం రాసే సైట్లన్నీ ఒక్కటే అనుకోవద్దు. కొన్ని ఊరి రచ్చబండ లాంటివి, కొన్ని షావుకారు అరుగు లాంటివి. అరుగు మీద కూర్చుని ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. అరుగు మాత్రం షావుకారుది. తలుపు వేసుకుంటే లేచి పోవాల.

ఆర్కుట్‌లో మన పిల్లలు ఎన్ని వేల మాటలు రాసుకున్నారు! 2014 సెప్టెంబర్ 30న దాన్ని మూసేశారు. యాహూ గుంపుల్లో ఏళ్ల తరబడి తెలుగు చర్చలు నడిచాయి. 2020 డిసెంబర్లో అవీ పోయాయి. జియోసిటీస్‌లో కట్టుకున్న ఉచిత పేజీలు 2009లోనే పోయాయి. రాసింది మనం, పోగొట్టింది వాళ్లు. ఇవాళ మనం ఫేస్‌బుక్‌లో, యూట్యూబ్‌లో పెడుతున్నది కూడా అరుగు మీది మాటే. 2016లో జియో వచ్చి డేటా చవకైంది, ఊరూరా రాసేవాళ్లు, చూసేవాళ్లు పెరిగారు, సంతోషం. కానీ అక్కడ ఏది పైకి రావాలో తేల్చేది మన ఊరి అవసరం కాదు. జనం ఎక్కువసేపు చూస్తే ప్రకటనల డబ్బు. కోపం తెప్పించేది ఎక్కువసేపు చూస్తారు. కాబట్టి నీటి లెక్క చెప్పే వీడియో కింద పడుతుంది, తిట్టుకునే వీడియో పైకి తేలుతుంది.

తెవికీలో రాసింది ఎవరి సొత్తూ కాదు. ఎవరైనా కాపీ తీసుకోవచ్చు, అచ్చేసుకోవచ్చు. మూలం చెప్పాల, మార్చి పంచితే అదే ఉచిత హక్కులతో పంచాల. రేపు ఆ సైటు మూతబడినా కాపీలు బతుకుతాయి. అందుకే అంటున్నాను. ఉద్యమ కబురు ఫేస్‌బుక్‌లో పెట్టుకోండి, ఊరి చరిత్ర మాత్రం అక్కడే వదిలేయొద్దు.

రాసే చేతికి బాధ్యత కూడా ఉంది. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు వచ్చారని ఫోన్లలో తిరిగిన పుకార్లకు దేశంలో అమాయకుల ప్రాణాలు పోయాయి. మనకు తుంగభద్ర అవతలి గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊళ్లకు పంపి, జానపద కళాకారులతో పాటలు పాడించి ఆ పుకార్లను ఎదుర్కొన్నారు. ఆ ఏడు జూలైలో వాట్సాప్ సంస్థ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది. ఇంకో వైపు, రాసినందుకు జైలు భయం. ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్ కింద ఒక్క ఫేస్‌బుక్ వ్యాఖ్యకు అరెస్టులు జరిగాయి. శ్రేయా సింఘాల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2015 మార్చి 24న ఆ సెక్షన్ చెల్లదని కొట్టేసింది. రాసే హక్కు అట్ల పోరాడి నిలబెట్టుకున్నది. దాన్ని పుకార్లకు ఖర్చు పెట్టడం ఆ పోరాటానికి అవమానం.

ఎవరు రాయడం లేదు?

జాకబ్ నీల్సన్ అనే పరిశోధకుడు 2006లో ఒక ఉజ్జాయింపు లెక్క చెప్పాడు. ఇలాంటి సైట్లలో వందమందిలో తొంభైమంది చదివి పోతారు, తొమ్మిదిమంది అప్పుడప్పుడు రాస్తారు, ఎక్కువ భాగం రాసేది ఒక్కడే. అంటే 'జనం రాసే ఇంటర్నెట్' అని మనం చెప్పుకుంటున్నది నిజానికి నూటికి ఒకడు రాసేది. ఆ ఒక్కడు ఎక్కడివాడు, ఏ కులంవాడు, మగవాడా ఆడదా అన్నదాన్ని బట్టి ఊరు మారిపోతుంది. ఆ ఒక్కడే కొత్త కరణం అవుతాడు. మంచి కరణమే కావచ్చు, అయినా కరణమే.

ఇప్పుడు ఇంకో అవసరం వచ్చిపడింది. ప్రశ్న అడిగితే జవాబు చెప్పే యంత్రాలు వచ్చాయి. పిల్లలు హోంవర్క్ కూడా వాటినే అడుగుతున్నారు. ఆ యంత్రాలు నేర్చుకున్నది నెట్లో మనుషులు రాసిపెట్టిన రాతల నుంచే, అందులో వికీపీడియా ఒకటి. మన ఊరి పేజీలో రెండు వాక్యాలే ఉంటే ఆ యంత్రానికి తెలిసేదీ రెండు వాక్యాలే. మిగతాది ఊహించి చెప్తుంది. ఆ ఊహకు మూలం ఏమిటి? మళ్లీ ఆ సుమోలు, బాంబులే.

మనం చేయాల్సింది

విద్యార్థులకు ఒక మాట. ఒక్కొక్కరు ఒక ఊరు పట్టుకోండి. మీ అమ్మమ్మ ఊరైనా సరే. 2011 లెక్కల అంకెలు సరిగ్గా ఎక్కాయో లేదో చూడండి. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడి 2027కు పోయింది. కాబట్టి ఆ అంకెల పక్కన సంవత్సరం తప్పకుండా ఉండాల. పదిహేనేళ్ల నాటి సంగతి ఇవాళ్టిదిగా కనబడకూడదు. ఊరి చెరువు, శాసనం, గుడి, మసీదు, దర్గా, బడి, వీటి ఫోటోలు మీరే తీసి ఉచిత హక్కులతో పెట్టండి. వేరేవాళ్ల ఫోటో ఎత్తుకొచ్చి పెట్టొద్దు.

ఆడపిల్లలకు ప్రత్యేకంగా చెప్తున్నా. మీ అమ్మలు, అవ్వలు చెప్పే ఊరు మగవాళ్లు చెప్పే ఊరు కాదు. నీళ్ల బిందెతో ఎంత దూరం నడిచారో వాళ్లకు తెలుసు. పట్టికలో 'తాగునీటి సౌకర్యం ఉంది' అని ఒక్క ముక్క ఉంటుంది. ఆ ముక్క వెనక ఉన్న నడకను మీరు రాయాల. ముందు పత్రికకు రాయండి, అచ్చయ్యాక పేజీలో చేర్చండి.

ఉద్యోగ మిత్రులకు ఒక మాట. మీకు 1964 నాటి ప్రవర్తనా నియమావళి ఉంది, మీ ఇబ్బంది నాకు తెలుసు. ఆఫీసు ఫైలు బయట పెట్టమని నేను అడగను, పెట్టొద్దు కూడా. కానీ అచ్చయిన గెజిట్ ఏ సంవత్సరందో, జిల్లా గణాంకాల పుస్తకం ఎక్కడ దొరుకుతుందో, ఏ కాగితం కోసం ఏ కార్యాలయానికి దరఖాస్తు పెట్టాలో చెప్పడం రహస్యం కాదు. మా పిల్లలకు ఆ దారి చూపించండి, సగం పని అయినట్టే.

అందరికీ ఒక మాట. మీరు ఒప్పుకోని విషయం పేజీలో కనిపిస్తే, అది ఆధారంతో ఉంటే, తుడిచేయొద్దు. దాని పక్కన మీ ఆధారం పెట్టండి. తుడిచేసేవాడికి భయం ఉందని చదివేవాడు అనుకుంటాడు. మన మాటలో నిజం ఉంటే అవతలివాడి మాట పక్కన నిలబడి కూడా గెలుస్తుంది.

రెండు వందల ఏళ్ల కింద మన ఊళ్ల సంగతి దొర రాయించుకున్నాడు, కరణం చెప్పాడు, కాగితం సముద్రం దాటిపోయింది. ఇప్పుడు రాసే పెట్టె మన చేతిలో ఉంది, భాష మనది, అక్షరం మనది. రాష్ట్రం ఎప్పుడొస్తుందో పాలకులు తేలుస్తారని కూర్చుందామా వద్దా అన్నది వేరే సభలో మాట్లాడుకుందాం. ఊరి పేజీ రాయడానికి మాత్రం ఏ ఢిల్లీ అనుమతీ అక్కర్లేదు. వచ్చే సమావేశానికి ప్రతి ఒక్కరూ ఒక ఊరి పేరు, ఆ ఊరి గురించి ఆధారం ఉన్న ఒక్క వాక్యం తీసుకుని రండి. అక్కడి నుంచి మొదలు పెడదాం.